జలుబుకి సూది మందు ఎందుకండీ?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఏటా అక్టోబరు వచ్చి ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యాయంటే మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇంటింటా తుమ్ములే. మిగతా చోట్ల వానాకాలం వెనుదిరిగే వేళకి మనకి అసలు వానలు మొదలవుతాయి. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే ముసురు విడవదు, అందరూ తలుపులూ కిటికీలూ బిగించుకుని ఒకే గదిలో కూర్చుంటారు, స్కూల్లోనూ అంతే, ఒకడికి వస్తే వారం తిరక్కుండా బెంచీ అంతా తుమ్ముతూ ఉంటుంది. ఆ రోజుల్లో మీ జిల్లా పేజీల్లో ఆస్పత్రుల దగ్గర క్యూల ఫొటోలు, వైరల్ జ్వరాల వార్తలు వస్తాయి. రావాల్సిందే, కాదనను. కానీ జలుబు చేస్తే అసలు ఒంట్లో ఏం జరుగుతుంది, ఎన్నాళ్లకి తగ్గుతుంది, ఎప్పుడు భయపడాలి అన్నది మాత్రం ఎక్కడా కనపడదు. అది తెలియకే మన జనం మొదటి తుమ్ముకి మెడికల్ షాపుకీ, మూడో రోజుకి సూదికీ పరిగెడుతున్నారు. నేను కావలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. క్లాసులో పిల్లలకి చెప్పేదే వాళ్ల అమ్మానాన్నలకీ చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైనా వేయండి.

వానలో తడిసినంత మాత్రాన జలుబు రాదు, వైరస్ సోకితేనే వస్తుంది. జలుబు చేయించే వైరస్‌లు 200కి పైగా ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా ఎక్కువగా మన ముక్కులో చేరేది రైనోవైరస్, ఆ ఒక్క దానిలోనే 160 దాకా రకాలు. ఒక రకం వచ్చి పోతే దాన్ని ఒళ్లు గుర్తు పెట్టుకుంటుంది, అయితే వచ్చే నెల ఇంకో రకం వస్తుంది. పెద్దవాళ్లకి ఏడాదికి రెండు మూడు సార్లు, చిన్నపిల్లలకి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం మామూలే. "మా వాడికి నెల నెలా రొంపేనండీ, ఏదైనా లోపమా" అని అడిగే తల్లులకి నేను చెప్పే మాట ఇదే, బిడ్డ చక్కగా తింటూ ఆడుకుంటూ బరువు పెరుగుతుంటే లోపం కాదమ్మా, వాడి ఒళ్లు ఒక్కో వైరస్‌నీ నేర్చుకుంటోంది.

మరి చలికీ దీనికీ సంబంధమే లేదా అంటే, దాని మీద కూడా పని జరిగింది. ఇంగ్లండ్‌లో సాలిస్‌బరీ దగ్గర 1946లో కేవలం జలుబు కోసం ఒక పరిశోధన కేంద్రం పెట్టి నలభై ఏళ్లకు పైగా నడిపారు. వాలంటీర్లని తడి బట్టలతో గాలి కొట్టేచోట ఉంచి మరీ చూశారు. అలా వణికినంత మాత్రాన వాళ్లకి జలుబులు ఎక్కువ కాలేదు. అయితే 2015లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీ వాళ్లు ఎలుకల కణాలతో చేసిన పరిశోధనలో, 37 డిగ్రీల దగ్గర గట్టిగా ఎదురు తిరిగే కణాలు 33 డిగ్రీల దగ్గర మందగించాయని తేలింది. మన ముక్కు లోపల ఉండేది దాదాపు ఆ 33 డిగ్రీలే, ఒంటి లోపలి కన్నా చల్లన. రైనోవైరస్ ముక్కుని పట్టుకుని వేలాడేది అందుకే. కాబట్టి తల తుడుచుకోమని పెద్దలు చెప్పేది విందాం, కానీ బిడ్డ వానలో ఆడిందని కొట్టకండి. జలుబు ఎక్కువగా వచ్చేది పక్కవాళ్ల తుమ్ము నుంచీ, మన చేతి నుంచీ. వైరస్ చేతుల మీద కొన్ని గంటలు బతుకుతుంది, ఆ చేత్తో కన్ను నులుముకున్నా, ముక్కు రుద్దుకున్నా లోపలికి వెళ్లిపోతుంది. కంట్లో పడ్డా సరే, కంటి నుంచి ముక్కులోకి కన్నీటి గొట్టం ఉంది కదా, దాని వెంట దిగిపోతుంది.

ఇక లోపల జరిగేది. దీని గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మందుల గొడవంతా ఇక్కడే ఉంది. వైరస్ ముక్కు లోపలి పొర మీది కణాలకి అతుక్కుని వాటిలో దూరుతుంది. దూరిన ఒకటి నుంచి మూడు రోజుల్లో గొంతు గరగర మొదలవుతుంది. చిత్రం ఏమిటంటే, రైనోవైరస్ ఆ పొరని పెద్దగా పాడు చేయదు. మనం పడే బాధలో ఎక్కువ భాగం మన ఒళ్లు చేసే పోరాటానిది. కణాలు ప్రమాదాన్ని పసిగట్టి రకరకాల రసాయనాలు వదులుతాయి. బ్రాడీకైనిన్ అనేది గొంతు నొప్పి పుట్టిస్తుంది, రక్తనాళాలని ఉబ్బిస్తుంది. ప్రోస్టాగ్లాండిన్లు తలనొప్పి, ఒళ్లు నొప్పులు తెస్తాయి. ఇంకొన్ని నేరుగా మెదడు మీద పనిచేసి ఆకలి తగ్గిస్తాయి, మగత తెస్తాయి, ఏ పనీ చేయబుద్ధి కాకుండా చేస్తాయి. జలుబుకే ఇంత నీరసమా అని చాలామంది టెన్షన్ పడతారు, అది బలహీనత కాదు, పడుకోమని ఒళ్లు చెబుతున్న మాట.

ముక్కు దిబ్బడ గురించి మనలో చాలామంది అనుకునేది తప్పు. లోపల చీమిడి అడ్డుపడిందనుకుని చీది చీది ముక్కు ఎర్రగా చేసుకుంటారు. అసలు అడ్డుపడేది వాపు. ముక్కు లోపల గోడల మీద మెత్తటి మడతలుంటాయి, వాటి నిండా రక్తనాళాలు. అవి రక్తంతో నిండి ఉబ్బితే గాలి దారి మూసుకుపోతుంది, ఎంత చీదినా వాపు బయటికి రాదు కదా. మామూలు రోజుల్లో కూడా ఈ మడతలు ఒక పక్క ఉబ్బుతూ ఇంకో పక్క తగ్గుతూ కొన్ని గంటలకోసారి వంతులు మార్చుకుంటాయి, మనకి తెలియదు. జలుబు చేసినప్పుడు ఆ వంతు బాగా తెలుస్తుంది, ఒకసారి కుడి ముక్కు, కాసేపటికి ఎడమ ముక్కు. పడుకుంటే తల వైపు రక్తం ఎక్కువ నిలిచి వాపు పెరుగుతుంది, పక్కకి తిరిగి పడుకుంటే కింద వైపు ముక్కు బిగుస్తుంది, రాత్రి దిబ్బడకి కారణం అదే. తల కింద ఇంకో దిండు వేసుకుంటే కొంత నయం. గట్టిగా చీదితే చీమిడి వెనక్కి సైనస్‌ల గదుల్లోకి కూడా పోతుంది, అందుకని ఒక ముక్కు మూసి, ఇంకో ముక్కుతో మెల్లగా చీదాలి. చెవికీ గొంతుకీ మధ్య ఉండే గొట్టం కూడా వాస్తుంది, చెవి దిబ్బడ దానివల్ల. కన్నీళ్లు ముక్కులోకి దిగే దారి మూసుకుంటే కళ్లు కారతాయి. వాసన పట్టే చోటికి గాలి అందదు కాబట్టి చేపల పులుసైనా చప్పగానే ఉంటుంది, మన నాలుకకి తెలిసే రుచిలో పెద్ద వాటా వాసనదే.

అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టేది చీమిడి రంగు. మొదట నీళ్లలా కారుతుంది, రెండు మూడు రోజులకి చిక్కబడి పసుపుగా, ఆకుపచ్చగా మారుతుంది. "కళ్లె పచ్చబడింది, ఇన్ఫెక్షన్ ముదిరింది, యాంటీబయోటిక్ వేయాల్సిందే" అని షాపు కౌంటర్ దగ్గరే తీర్పు వచ్చేస్తుంది. ఆ పచ్చదనం మన తెల్లరక్తకణాలది. పోరాడి చచ్చిన ఆ కణాల్లో ఇనుము కలిసిన ఒక ఎంజైమ్ ఉంటుంది, దాని రంగే ఆకుపచ్చ. మామూలు జలుబులోనూ ఆ రంగు వస్తుంది, దాన్ని చూసి మాత్ర మొదలుపెట్టడానికి ఆధారం లేదు.

ఇప్పుడు సూది సంగతి. జలుబు రెండో రోజు, మూడో రోజు బాగా ముదురుతుంది, ఆ తర్వాత దానంతట అదే దిగుతుంది, ఏడు నుంచి పది రోజుల్లో పోతుంది, దగ్గు మాత్రం రెండు మూడు వారాలు లాగొచ్చు. మన మనిషి ఎప్పుడు సూదికి వెళతాడు? మొదటి రోజు ఓర్చుకుంటాడు, రెండో రోజు మిరియాల చారు తాగుతాడు, మూడో రోజు ఇక తట్టుకోలేక ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లి సూది వేయించుకుంటాడు. నాలుగో రోజు తేలికపడుతుంది. ఎలాగూ తేలికపడాల్సిన రోజే అది, కానీ పేరు సూదికి వస్తుంది, వచ్చేసారి ఆ ఇంట్లో అందరికీ అదే సూది. ఆ సూదిలో నొప్పి తగ్గించే మందు ఉంటే ఆ పూట ఒళ్లు నొప్పులు తగ్గుతాయి, స్టెరాయిడ్ ఉంటే ఒంటి పోరాటాన్నే కాసేపు అణిచేసి బాగున్నట్టు అనిపిస్తుంది. వైరస్ చావదు. యాంటీబయోటిక్‌తో అసలే చావదు, ఆ మందులు పనిచేసేది బ్యాక్టీరియా మీద, వైరస్‌లో వాటికి దొరికే భాగమే లేదు.

షాపులో జరిగేది మీరూ చూసే ఉంటారు. మందుల చీటీ అడగరు. అజిత్రోమైసిన్ అనే యాంటీబయోటిక్ ఒక మూడు, జలుబు మాత్రలు ఆరు, గ్యాస్ మాత్ర ఒకటి, అన్నీ స్ట్రిప్పు నుంచి కత్తెరతో కత్తిరించి, పొట్లంలో వేసి "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అని ఇస్తారు. మా క్లాసులో ఒక పిల్లవాడి జేబులో అలాంటి ముక్క చూశాను. పేరు ఉన్న సగం షాపులో ఉండిపోయింది, ఎర్ర గీత ఉన్న సగం వాడి దగ్గరికి వచ్చింది. వాడు వేసుకుంటున్నదేమిటో వాడికీ తెలియదు, వాళ్లమ్మకీ తెలియదు. ఆ ఎర్ర గీతకి అర్థం, డాక్టర్ చీటీ లేకుండా ఇది అమ్మకూడదు, వాడకూడదు అని. ముఖ్యమైన యాంటీబయోటిక్‌లని షెడ్యూల్ హెచ్1 అనే కట్టుదిట్టమైన మందుల జాబితాలో చేర్చి, ఎవరికి అమ్మారో రిజిస్టర్‌లో రాయాలన్న నియమం 2014 మార్చి నుంచి అమల్లో ఉంది. అమల్లో ఉందని కాగితం మీద చదువుకోవడమే, నేను చూసిన కౌంటర్లలో ఆ రిజిస్టర్ ఎవరూ తెరవలేదు.

మన జిల్లా వాళ్లకి ఇది నేను వేరే చెప్పాలా అనిపిస్తుంది ఒక్కోసారి. రొయ్యల గుంటలు వేసే రైతుని అడగండి, గుంటలో యాంటీబయోటిక్ పడితే ఏమవుతుందో ఆయనే చెబుతాడు. నిషేధం ఉన్న మందులు ఏవో ఆయనకి తెలుసు, సరుకులో అవశేషాలు దొరికితే విదేశాల నుంచి కంటెయినర్ వెనక్కి వస్తుందని తెలుసు, శాంపిల్ ల్యాబ్‌కి పంపందే ఎక్స్‌పోర్ట్ వాళ్లు ముట్టరని తెలుసు. అదే రైతు ఇంట్లో మనవడికి ముక్కు కారితే పేరు కూడా అడక్కుండా అదే జాతి మందు పోస్తున్నాడు. రొయ్యకి అంత జాగ్రత్త తీసుకునే ఊళ్లలో బిడ్డకి ఎందుకు లేదు? ఈ మందులు వేసుకున్న ప్రతిసారీ మన పేగుల్లో ఉండే బ్యాక్టీరియాలో బలహీనమైనవి చచ్చి, మందుకి లొంగనివి మిగులుతాయి. రేపు నిజంగా న్యుమోనియా వచ్చినప్పుడు, బాలింతకి కుట్లు చీము పట్టినప్పుడు ఆ మందు పనిచేయదు. మందులకి లొంగని బ్యాక్టీరియా వల్ల 2019 ఒక్క సంవత్సరంలో ప్రపంచంలో 12 లక్షల 70 వేల మంది చనిపోయారని లెక్క వేశారు. జలుబుకి వేసుకున్న ప్రతి మాత్రా ఆ లెక్కకి మన వంతు చేరుస్తోంది.

పిల్లల సిరప్‌ల విషయం ఇంకా బాధ. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు సిరప్‌లో డైఇథైలిన్ గ్లైకాల్ అనే విషం కలిసి కిడ్నీలు పాడై పసిపిల్లలు చనిపోయారు, మీ పత్రికలోనూ వార్తలు వచ్చాయి. ఆ అక్టోబరులోనే కేంద్ర ఆరోగ్య శాఖ రెండేళ్లలోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు రాయకూడదనీ, ఐదేళ్లలోపు వాళ్లకి సాధారణంగా వద్దనీ చెప్పింది. అంతకుముందు 2023 డిసెంబరులోనే తుమ్ములు తగ్గించే క్లోర్‌ఫెనిరమైన్, ముక్కు దిబ్బడ తగ్గించే ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన మందు నాలుగేళ్లలోపు వాళ్లకి వాడొద్దని సీసా మీద రాయాలన్నారు. విషం కలవని మంచి సిరప్ అయినా పసిపిల్లలకి చేసే మేలు ఏమీ కనిపించలేదు, మగత, గుండె దడ లాంటివి మాత్రం రావచ్చు. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరుగుతారు కదా, ఈ ఒక్క మాట ప్రతి బాలింతకీ చెబితే చాలు.

పెద్దవాళ్లు వేసుకునే జలుబు మాత్రల మీద కూడా రెండు ముక్కలు. చాలా వాటిలో పారాసిటమాల్ ముందే కలిపి ఉంటుంది, పైన జ్వరానికని ఇంకో పారాసిటమాల్ వేసుకుంటే డోసు రెట్టింపై లివర్ మీద పడుతుంది. ముక్కు తెరుచుకోవడానికి కలిపే మందు బీపీ ఉన్నవాళ్లకి మంచిది కాదు. మగత తెచ్చే మందు ఉన్న మాత్ర వేసుకుని బైకు మీద హైవే ఎక్కకండి. ముక్కులో వేసే ఆక్సీమెటజొలిన్ లాంటి చుక్కలు మూడు రోజులు, మహా అయితే ఐదు, అంతకు మించి వాడితే మందు దిగిపోగానే ముందుకన్నా ఎక్కువ దిబ్బడ పట్టి వదలదు.

మరి ఏం చేయాలి అంటారు. మన ఇళ్లలో చేసేది చాలావరకు సరైనదే. వేడి వేడి మిరియాల చారు, శొంఠి కాఫీ, పసుపు పాలు వైరస్‌ని చంపవు, కానీ హాయినిస్తాయి, ఆ హాయి ఉత్తుత్తిది కాదు. 2008లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో జలుబు చేసినవాళ్లకి అదే పానీయం వేడిగానూ, మామూలుగానూ ఇచ్చి చూస్తే, వేడిగా తాగినవాళ్లకి దగ్గు, తుమ్ములు, గొంతు నొప్పి, నీరసం వెంటనే తేలికపడ్డాయి. ఉప్పు నీళ్లు పుక్కిలించడం, ఉప్పు నీటి చుక్కలు ముక్కులో వేసుకోవడం, నొప్పులుంటే పారాసిటమాల్, అంతే. ఏడాది దాటిన పిల్లలకి రాత్రి దగ్గుకి చెంచాడు తేనె మంచిది, ఏడాది లోపు పిల్లలకి మాత్రం తేనె నాలుకకి రాయడం కూడా ప్రమాదమే. ఆవిరి పెద్దవాళ్లు పట్టుకోవచ్చు, పిల్లల్ని దుప్పటి కప్పి మరిగే గిన్నె ముందు కూర్చోబెట్టకండి, గిన్నె ఒలికితే కాలేది వాళ్లే. పెరుగు మానిపించడం, అరటిపండు దాచేయడం అక్కర్లేదు, వాటివల్ల జలుబు పెరుగుతుందన్న రుజువు లేదు, అసలే నోటికి ఏమీ సహించని బిడ్డకి అవైనా తిననివ్వాలి. తల్లికి జలుబు చేసిందని చంటిబిడ్డకి పాలు ఆపడం ఇంకా కొన్ని ఊళ్లలో చూస్తున్నాను. ఆపకూడదు. తల్లి పాలతోనే బిడ్డకి రక్షణ వెళుతుంది, చేతులు కడుక్కుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని పాలివ్వాలి.

ఇంకో మాట మా స్కూలు సంగతే. పదో తరగతి పిల్లల్ని తెల్లవారుజామున స్టడీ అవర్స్‌కి లేపి, రాత్రి పొద్దుపోయేదాకా చదివిస్తాం. 2009లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ల ముక్కులో రైనోవైరస్ వేసి చూశారు, ఏడు గంటల కన్నా తక్కువ నిద్రపోయేవాళ్లకి, ఎనిమిది గంటలు అంతకు మించి నిద్రపోయేవాళ్ల కన్నా జలుబు వచ్చే అవకాశం దాదాపు మూడు రెట్లు ఎక్కువగా తేలింది. పరీక్షల ముందు పిల్లలు వరసగా పడుతున్నారంటే కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. హెడ్మాస్టర్లు, తల్లిదండ్రులు దీని మీద ఆలోచించాలి.

జలుబుని తేలిగ్గా తీసిపారేయమని మాత్రం నేను అనడం లేదు. పడిశం పది రోగాల పెట్టు అన్నారు పెద్దలు, కొందరి విషయంలో అది అక్షరాలా నిజం. ఆస్తమా ఉన్న పిల్లల్లో ఆయాసం ఎగదోసేది ఎక్కువసార్లు ఈ జలుబు వైరస్సే. చీమకుర్తి క్వారీల్లో రాతి దుమ్ము పీల్చేవాళ్లకి, పొగాకు బ్యారన్ల దగ్గర పని చేసేవాళ్లకి, చుట్ట, బీడీ తాగేవాళ్లకి ఊపిరితిత్తులు ముందే అలిసి ఉంటాయి, ముక్కులో మొదలైంది ఛాతీలోకి దిగడానికి ఎంతోసేపు పట్టదు. షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, వయసు మళ్లినవాళ్లు కూడా జాగ్రత్తగా ఉండాలి. మన దగ్గర వానల్లో డెంగీ కూడా వస్తుంది, జ్వరం మూడు రోజులు దాటినా, ముక్కు కారకుండా ఎక్కువ జ్వరం, కళ్ల వెనక నొప్పి ఉన్నా రక్తపరీక్ష చేయించుకోవాలి, జలుబేలే అని ఇంట్లో కూర్చోకూడదు.

పిల్లల విషయంలో చూడాల్సింది ఊపిరి. బిడ్డ ఏడవకుండా నిమ్మళంగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిమిషం పాటు పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకి 60 లేదా అంతకు మించి, రెండు నెలల నుంచి ఏడాది దాకా 50 లేదా అంతకు మించి, ఏడాది నుంచి ఐదేళ్ల దాకా 40 లేదా అంతకు మించి ఉంటే అది జలుబు దాటిపోయినట్టే, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ఇది. డొక్కలు ఎగరేస్తున్నా, పిల్లికూతలు వినిపిస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, మగతగా పడి ఉన్నా, పెదాలు నీలంగా మారినా మెడికల్ షాపు కాదు, ఆర్‌ఎంపీ కాదు, వెంటనే 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి తీసుకెళ్లాలి. పెద్దవాళ్లలో ఆయాసం, ఛాతీ నొప్పి, కళ్లెలో రక్తం, తగ్గిందనుకున్నాక మళ్లీ వచ్చిన జ్వరం కూడా అంతే. అప్పుడు డాక్టరు పరీక్ష చేసి యాంటీబయోటిక్ రాస్తే చెప్పినన్నాళ్లూ మానకుండా వాడాలి, అలాంటి రోజు కోసమే కదా ఆ మందుని దాచుకోమనేది.

మీ పత్రికని నేను అడిగేది ఒకటే. ఈ వానలు అయ్యేలోపు, జిల్లా పేజీలో ఎక్కడో మూలకి కాకుండా కనిపించే చోట, ఈ 60, 50, 40 లెక్కనీ, డొక్కలు ఎగరేయడాన్నీ బొమ్మతో సహా ఒక బాక్సుగా వేయండి, కత్తిరించి వంటింటి గోడకి అంటించుకునేంత సైజులో. వారానికోసారి వేస్తే ఇంకా మంచిది. జిల్లా వైద్యాధికారులకీ, డ్రగ్ ఇన్‌స్పెక్టర్లకీ నా విన్నపం, ఈ సీజన్‌లో పీహెచ్‌సీల్లో మందులతో పాటు ఆ బొమ్మ కూడా పంచండి, నెల్లూరులో ఆస్పత్రులుండే పొగతోట నుంచి పల్లెటూళ్ల దాకా షాపుల్లో ఆ హెచ్1 రిజిస్టర్లు ఒక్కసారి తెరిపించి చూడండి. మా స్కూల్లో గోడకి అంటించడానికి ఎన్ని కాపీలు ఇచ్చినా తీసుకుంటాం, క్లాసుకొకటి చొప్పున.

ఇట్లు,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
కావలి, నెల్లూరు జిల్లా.